ఎల్‌సీ ఏలీయా

నా పేరు ఖయ్యూమ్. కరెంటు లైన్‌మన్‌ని. జగ్గయ్యపేట చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్ళుగా స్తంభాలు ఎక్కి దిగుతున్నాను. మెమోలకు సంజాయిషీలు రాసీ రాసీ ఈ మాత్రం రాయడం అలవాటైంది. ఇది మాత్రం ఏ మెమోకీ జవాబు కాదు. ఏలీయా అనే మనిషి గురించి రాస్తున్నాను.

ఏలీయా మా సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్. కాంట్రాక్టు మనిషి. కోపం ఎక్కువ కాబట్టి కంట్రోల్ రూముకు పనికిరాడని డిపార్ట్‌మెంట్ అతని గురించి కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర కూడా వేసింది. ఆ కోపమే లేకపోతే నా భార్య రమీజా నాకోసం, మొగుడు పోయిన ఆడది గడప దాటకుండా గడిపే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ కూర్చుని, ఈపాటికి లేచి, పిల్లల ఫీజుల కోసం ఎవరి కుట్టుమిషనో తొక్కుతూ ఉండేది. కాబట్టి ఆ ముద్ర చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మండుతూనే రాస్తున్నాను.

ముందు ఎల్‌సీ అంటే ఏమిటో చెప్పాలి. మా పనిలో అది లైన్ క్లియర్. తెగిన తీగ కట్టాలంటే నేను స్తంభం ఎక్కాలి. ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫలానా లైనుకు ఎల్‌సీ కావాలని అడుగుతాను. ఆపరేటర్ ఆ లైనుకు కరెంటు ఇచ్చే బ్రేకర్ తీసేసి, నా పేరూ టైమూ రిజిస్టర్‌లో రాసుకుని "ఇచ్చా" అంటాడు. అప్పుడు ఎక్కుతాను. పనయ్యి దిగాక మళ్ళీ నేనే ఫోన్ చేసి ఎల్‌సీ తిరిగి ఇచ్చేస్తాను. అప్పుడు బ్రేకర్ వేస్తాడు. ఆ రెండు ఫోన్ల మధ్య నా ప్రాణం అతని జేబులో ఉంటుంది.

ఇంత బరువున్న మాటను రెండక్షరాలు చేసి పారేశారు. పోనీ ఆ రెండక్షరాలైనా మా ఒక్కరికే ఉన్నాయా అంటే అదీ లేదు. రైలు వాళ్ళకు ఎల్‌సీ అంటే లెవెల్ క్రాసింగ్, రోడ్డు మీది గేటు. మిర్చి ఎగుమతి చేసే షావుకార్లకు అది బ్యాంకు ఇచ్చే హామీ కాగితం. సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర లారీ బరువు పట్టి చూపించే లోడ్ సెల్‌ను కూడా ఎల్‌సీ అనే అంటారు. ఎవరి గోల వారిది. మా రిలే మీద ఓసీ అని పడితే లైనులో కరెంటు మోతాదు మించిందని అర్థం. అదే ఓసీ కులం సర్టిఫికెట్ మీద ఉంటే వేరు, బస్టాండు హోటల్లో "ఇవాళ ఓసీ టిఫినా?" అంటే వేరు. గరికపాడు చెక్‌పోస్టులో ఆర్‌సీ అడిగితే లారీ కాగితాలు తీయాలి, ఏలీయా వాళ్ళ పేటలో అడిగితే ఏ చర్చికి వెళ్తారో చెప్పాలి. మామూలు రోజుల్లో నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. ఎవడి పొట్టి మాట వాడి గోడల మధ్య ఉన్నంతసేపు ఎవరికీ నష్టం లేదు.

ఏలీయాకు మాత్రం మా దగ్గరికి వచ్చినప్పటినుంచీ పొట్టి మాటలంటే పడదు. ఫోన్ ఎత్తగానే "ఎల్‌సీ కావాలన్నా" అంటే "పూర్తిగా చెప్పు" అని కసిరేవాడు. "లైన్ క్లియర్ కావాలన్నా" అనిపించేవాడు. ఏ లైను, ఎన్నో స్తంభం, పక్కన ఎవరున్నారు, అన్నీ చెప్పాలి. వాటన్నిటికీ అలవాటు పడ్డాం. మాకు విసుగు పుట్టించింది తిరిగిచ్చేటప్పుడు అడిగే ప్రశ్న.

"కాళ్ళ కింద ఏముందిరా?"

"మట్టి ఉందన్నా."

అంటే దిగిపోయామని. బురద అన్నా, సిమెంటు రోడ్డు అన్నా ఒప్పుకునేవాడు. ఒకసారి నేను వేళాకోళానికి "చెప్పులున్నయ్యన్నా" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ కట్ చేశాడు. నాలుగోసారి ఎత్తి, మా నాన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి నా ఏడు తరాలనూ కడిగిపారేసి, చివర్లో మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. మట్టి అన్నాక గానీ ఊరికి కరెంటు రాలేదు. ఎల్‌సీ ఏలీయా అని పేరు పెట్టింది మేమే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఎక్కేది మేమైతే ఇతనికెందుకీ బాధ అని వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఎందుకు అడుగుతాడో నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. అదీ అతను చెప్పలేదు, పరిటాలలో వాళ్ళ బంధువుల పెళ్ళికి వెళ్తే ఒక ముసలాయన చెప్పాడు.

పన్నెండేళ్ళ కిందట ఏలీయా అటువైపు సబ్‌స్టేషన్‌లో చేసేవాడు. అతని బావమరిది డేవిడ్‌రాజు అక్కడే లైను పనికి వెళ్ళేవాడు. ఒకరోజు డేవిడ్‌రాజే ఎల్‌సీ తీసుకుని ఎక్కాడు. గంట తర్వాత ఫోన్ వచ్చింది. మాట్లాడింది డేవిడ్‌రాజు కాదు, పని చేయించే కాంట్రాక్టరు మనిషి. "అయిపోయిందన్నా, ఎల్‌సీ రిటర్న్ రాసుకో" అన్నాడు. తెలిసిన గొంతే, రోజూ వినేదే. ఏలీయా రాసుకుని బ్రేకర్ వేశాడు. ఒక్క కట్టు వదులుగా ఉందని డేవిడ్‌రాజు మళ్ళీ ఎక్కిన సంగతి ఆ ఫోన్ చేసినవాడు చూడలేదు.

విచారణ జరిగింది. ఆపరేటర్ తప్పేమీ లేదని తేల్చారు. రిజిస్టర్‌లో ఎల్‌సీ తిరిగి ఇచ్చినట్టు రాసి ఉంది, కాబట్టి అన్నీ సక్రమం. ఏలీయా భార్య సువార్తమ్మ తన తమ్ముణ్ణి పెట్టెలో పెట్టి మూత వేసేటప్పుడు కూడా మొగుణ్ణి ఒక్క మాట అనలేదట. ఆ తర్వాతా అనలేదట. తిట్టి ఉంటే బాగుండేదని, ఆ మౌనమే అతన్ని తినేసిందని ముసలాయన అన్నాడు. నేను తిరిగొచ్చాక ఏలీయాను ఒకసారి కదిలించి చూశాను. అప్పుడన్నాడు.

"తప్పు లేదని రాశార్రా ఖయ్యూమ్. చెయ్యి నాది. అది వేసింది నేను. తప్పు మాత్రం లేదంట."

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఫోన్‌లో వేళాకోళం మానేశాను.

ఇక పోయిన ఏడాది ఆగస్టు సంగతి. వానలు దంచికొట్టాయి. కీసర దగ్గర మున్నేరు పొంగింది, మావైపు పాలేరు పొంగింది. మునిగిన పల్లెల జనాన్ని హైస్కూల్లో ఉంచారు. అన్ని శాఖలనూ కలిపి ఫోన్‌లో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. రెవెన్యూ, పంచాయతీ, పోలీసు, రైలు గేట్ల వాళ్ళు, ఫ్యాక్టరీల వాళ్ళు, బ్యాంకుల వాళ్ళు, మేము. రెండొందల మంది. ఎవరి నంబర్లూ ఎవరి దగ్గరా లేవు, మెసేజ్ వస్తే పైన ఒట్టి అంకెలే కనిపించేవి. అందరూ గాభరాలో ఉన్నారు కాబట్టి అందరూ పొట్టి మాటలే.

ఆ రోజు పొద్దున పదింటికి నేను పాలేరు పక్క మాగాణిలో లైను చూస్తున్నాను. స్తంభం మీద పింగాణీ ఇన్సులేటర్ పగిలి తీగ పక్కకు జారింది. హైస్కూలుకు కరెంటు వెళ్ళేది ఆ లైనులోంచే. నాతో రావాల్సిన లైన్‌మన్ సతీష్‌బాబును స్కూల్లో ఫ్యాన్లు బిగించమని పిలిపించుకున్నారు. మధ్యాహ్నం పన్నెండింటికి విజయవాడ నుంచి పెద్దాఫీసరు వచ్చి జనాన్ని పరామర్శిస్తాడట, ఆయన వచ్చేసరికి ఫ్యాన్లు తిరగాలట. పొరపాటున కరెంటొచ్చినా మనిషిని తాకకుండా తీగకు తగిలించి నేలకు కలపాల్సిన ఎర్త్ రాడ్డు మా సెక్షన్‌కు ఉన్నదే ఒకటి, అది పక్క సెక్షన్ వాళ్ళు పట్టుకుపోయారు. రెండోది విరిగి ఏడాది దాటింది. కొత్తది కావాలని ఇండెంట్ పెట్టాను. పెట్టానని మళ్ళీ పెట్టాను. ఆ కాగితాలు ఎక్కడ పడుకున్నాయో నాకు తెలియదు. జనం చీకట్లో ఉన్నారు, చేసేది నేనొక్కణ్ణే. ఏలీయాకు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకున్నాను. పదీ ఇరవై.

"ఎవరున్నార్రా పక్కన?"

"ఎవరూ లేరన్నా. సతీష్‌ని తీసుకుపోయారు."

"బుద్ధుందా వాళ్ళకి? సరే. జాగ్రత్తగా చెయ్. తొందరేం లేదు, ఎవడు తొందరపెట్టినా నాకు చెప్పు."

ఎక్కాను. సగం దూరం ఎక్కేసరికి చొక్కా జేబులోంచి ఫోన్ జారి కింద నీళ్ళల్లో పడింది. దిగి వెతికితే గంట పోతుంది. పనయ్యాక దిగి నడుచుకుంటూ వెళ్ళి ఎవరి ఫోన్ నుంచైనా చెబుదాంలే అనుకుని పైకి ఎక్కేశాను. అది నా తప్పు. రాసుకోండి.

పదకొండూ నలభైకి గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "ఎల్‌సీ క్లియర్. 11.40." అంతే. కింద పేరు లేదు, ఊరు లేదు.

అది పెట్టింది రైలు గేటు దగ్గర పనిచేసే పున్నమ్మ. సిమెంటు ఫ్యాక్టరీలకు గూడ్సుబండ్లు పోయే లైను మీద గేటు. నీళ్ళు లాగేశాయి, దారి తెరిచాను అని వాళ్ళ వాళ్ళకు చెప్పుకుంది. ఆమె భాషలో అది సరైన మాటే.

మా ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, భవానీప్రసాద్ గారు ఆ టైముకు నందిగామలో పెద్దల మీటింగులో కూర్చుని, బల్ల కింద ఫోన్ చూసుకుంటున్నారు. చెడ్డమనిషేం కాదు. మూడు రోజులుగా ఆయనకూ నిద్ర లేదు. కానీ పైవాడి ముందు ఆయనకు వెన్నెముక ఉండదు. ఆ మెసేజ్ చూశారు. ఖయ్యూమ్ ఎవరి నంబరు నుంచో పెట్టాడనుకున్నారు. ఏలీయాకు ఫోన్ చేశారు. ఇటునుంచి ఏలీయా ఏమన్నాడో, అటునుంచి ఆయనేమన్నారో, ఏలీయా పక్కనే ఉండి స్పీకర్‌లో విన్న సబ్‌స్టేషన్ వాచ్‌మన్ తర్వాత నాకు మాట మాటా చెప్పాడు.

"ఏలీయా, ఎల్‌సీ క్లియర్ అయిపోయింది. లైను ఛార్జ్ చేసెయ్."

"నాకు ఫోన్ రాలేదు సార్."

"గ్రూపులో పెట్టాడయ్యా. చూసుకో."

"గ్రూపు నా దగ్గర లైన్ క్లియర్ తీసుకోలేదు సార్. ఖయ్యూమ్ తీసుకున్నాడు. వాడి గొంతు వినపడాల."

"వాడి ఫోన్ పోయిందేమో. ఎవరి ఫోన్ నుంచో పెట్టుంటాడు."

"ఎవరి ఫోన్ నుంచో పెట్టినోడు ఆ ఫోన్‌లో నాతో మాట్లాడొచ్చుగా సార్? నోరు కూడా పోయిందా?"

"ఇరవై నిమిషాల్లో ఆయన వస్తాడయ్యా! స్కూల్లో ముసలోళ్ళు, పసిపిల్లలు ఉక్కపోతలో ఉన్నారు. నేను ఏఈని, చెప్తున్నాను, వెయ్యి."

"మీరు ఏఈనే సార్. స్తంభం మీద ఉన్నది మీరు కాదుగా."

ఆ మాటతో ఆయన ఒంటికాలి మీద లేచారట. ఇక నీ ఉద్యోగం సంగతి చూస్తానన్నారట. కాంట్రాక్టు మనిషికి ఆ మాట ఊరికే బెదిరింపు కాదు. ఒక్క సంతకంతో పోతుంది. ఏలీయాకు యాభై రెండేళ్ళు, ఇంకో పని రాదు. అది తెలిసే అన్నారు, తెలిసే విన్నాడు.

ఫోన్ పెట్టేసి నా నంబరుకు పదకొండుసార్లు చేశాడు. స్విచాఫ్. అప్పుడు గ్రూపులోకి వెళ్ళి గొంతు రికార్డు చేసి పెట్టాడు. నేను తర్వాత విన్నాను. అందులో రాయదగ్గ మాటలు ఇవి. "ఎవడయ్యా ఎల్‌సీ క్లియర్ అన్నోడు? ఏ ఎల్‌సీ? నీ కాళ్ళ కింద ఏముంది? మడిసి ప్రాణం ఉంది ఆడ. పేరు చెప్పు!" రాయకూడనివి ఇంకో నాలుగున్నాయి.

రెండొందల మందీ విన్నారు. జవాబులొచ్చాయి, చూడాలి ఆ వైభోగం. బ్యాంకు మేనేజరెవరో ఎల్‌సీలన్నీ సోమవారం దాకా ఆగిపోయాయని రాశాడు. ఫ్యాక్టరీ కాటా మనిషి, తమ ఎల్‌సీ వానకు తడిసి తప్పు చూపిస్తోందనీ మెకానిక్‌ను పంపమనీ అడిగాడు. ఇంకెవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. మర్యాదగా మాట్లాడాలని ఒక పంచాయతీ ఆఫీసరు హితవు చెప్పాడు. పున్నమ్మ ఫోన్ గుడిసెలో పెట్టి పట్టాల మీద కొట్టుకొచ్చిన ముళ్ళకంప తీస్తోంది, ఆమెకు ఈ గొడవ తెలియదు.

ఏఈ గారు ఊరుకోలేదు. స్కూల్లో ఉన్న సతీష్‌బాబుకు ఫోన్ చేసి, వెంటనే సబ్‌స్టేషన్‌కు వెళ్ళి బ్రేకర్ నువ్వు వెయ్యి అన్నారు. సతీష్‌బాబు బండి మీద వచ్చేసరికి ఏలీయా కంట్రోల్ రూము తలుపుకు తాళం వేసి, తాళంచెవి లోపలి జేబులో పెట్టుకుని, గడప మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, వెయ్యమన్నారు. తాళం ఇయ్యి."

"వేసేది నువ్వా?"

"ఆర్డరన్నా. నేనేం చెయ్యను?"

"ఒక పని చెయ్. మాగాణి కాడికి పోయి ఖయ్యూమ్ కాళ్ళు ఎక్కడున్నయ్యో చూసి రా. మట్టి మీద ఉంటే తాళం ఇస్తా. చెంప కూడా ఇస్తా, కొట్టుకో."

"దారి తెగిందన్నా. బండి పోదు."

"నడిచి పో."

"ఈలోపు ఏఈ గారు..."

"పోరా! నీకు పెళ్ళాం లేదా? వాడికి లేదా?"

సతీష్‌బాబు వచ్చాడు. అందుకు అతనికి ఎప్పుడూ రుణపడి ఉంటాను. మోకాళ్ళ లోతు నీళ్ళల్లో పడుతూ లేస్తూ వచ్చాడు. అప్పుడు టైము పన్నెండున్నర దాటింది. నేను కొత్త ఇన్సులేటర్ ఎక్కించి, తీగను రెండు చేతులతో లాగి దాని మీద కూర్చోబెడుతున్నాను. గట్టు మీద నుంచి కేక వినిపించింది.

"ఖయ్యూమన్నా! కాళ్ళ కింద ఏముంది?"

ఏలీయాను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. నవ్వొచ్చింది.

"గాలిరా!" అని అరిచాను.

సతీష్‌బాబు అక్కడే నీళ్ళల్లో చతికిలబడి, రెండు చేతులూ మొహానికి కప్పుకుని ఏడ్చాడు. ఎందుకో తెలియక పైనుంచి చూస్తూ ఉండిపోయాను. తర్వాత కిందినుంచే అరిచి చెప్పాడు. విన్నాక నా చేతుల వైపు చూసుకున్నాను. రెండూ తీగ మీదే ఉన్నాయి.

పని ముగించి, దిగి, సతీష్‌బాబు ఫోన్ నుంచి చేశాను. ఏలీయా అడిగాడు. మట్టి అన్నాను. ఒంటిగంటా పదికి స్కూల్లో ఫ్యాన్లు తిరిగాయి. పెద్దాఫీసరు అప్పటికే ఉక్కలో పది నిమిషాలు నిలబడి, చెమట తుడుచుకుని, మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

నిజానికి అక్కడితో అయిపోవాలి. ఏలీయాకు దండ వేయకపోయినా ఫర్వాలేదు, ఒక కప్పు టీ ఇచ్చి వదిలేసినా సరిపోయేది. కానీ ఉరుము ఉరిమి మంగలం మీద పడింది. వారానికి మెమో వచ్చింది. పైఅధికారి ఆదేశం ధిక్కరించినందుకు, కంట్రోల్ రూముకు తాళం వేసినందుకు, అధికారిక గ్రూపులో అసభ్యంగా మాట్లాడినందుకు. ఒక మనిషి బతికాడన్న ముక్క ఆ మూడింట్లో ఎక్కడా లేదు.

ఆ వారంలోనే పున్నమ్మ ఏలీయా ఇంటికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరినీ తిట్టే ఏలీయా ఆమెను పల్లెత్తు మాట అనలేదు. "నీ గేటు నువ్వు చూసుకున్నావమ్మా, నీ తప్పేముంది? చదువుకున్నోళ్ళు అడగాల, ఏ ఎల్‌సీ అని. ఒక్క మాట. ఒక్క మాట అడిగితే సొమ్ములు పోతయ్యా?" అన్నాడు. సువార్తమ్మ ఆమెకు టీ ఇచ్చింది.

విచారణకు నందిగామ ఆఫీసుకు నన్నూ పిలిచారు. ముందుగా టైపు చేసి ఉంచిన కాగితం ఒకటి నా ముందు పెట్టారు. లైన్‌మన్ తన ఫోన్ పోగొట్టుకున్నాడు, ఎల్‌సీ క్లియర్ అయినట్టు పదకొండూ నలభైకి సమాచారం అందినా ఆపరేటర్ లైను ఛార్జ్ చేయక గంటన్నర జాప్యం చేశాడు. అదీ అందులో ఉన్నది. భవానీప్రసాద్ గారు మెత్తగా చెప్పారు.

"ఇందులో అబద్ధం ఏముందయ్యా? ఫోన్ పోయింది నిజం. ఎల్‌సీ క్లియర్ అని మెసేజ్ రావడం నిజం. సంతకం పెట్టు, అందరికీ మంచిది. లేదంటే ఎర్త్ రాడ్డు లేకుండా ఎందుకెక్కావు, మనిషి లేకుండా ఎందుకెక్కావు అని నీ మీదికి వస్తుంది."

చూడండి ఆ తెలివి. ఏ ఎల్‌సీ అని రాయలేదు. రైలు గేటు అని రాస్తే వాళ్ళ తప్పు బయటపడుతుంది, లైన్ క్లియర్ అని రాస్తే పచ్చి అబద్ధమవుతుంది. రెండక్షరాలు రాసి ఊరుకుంటే ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకుంటారు. ఆ రోజు గాభరాలో అది పొరపాటు. ఈ కాగితంలో అది పొరపాటు కాదు. ఏసీ గదిలో నిదానంగా కూర్చుని, తెలిసి, ఏరి పెట్టిన రెండక్షరాలు అవి.

నాకు అదంతా అప్పుడే అర్థమైంది. అర్థమయ్యే సంతకం పెట్టాను. నాది పర్మనెంటు ఉద్యోగం. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఏ సాకు చెప్పినా ఒకటే, నా ప్రాణం నిలబెట్టిన మనిషి మెడ మీద నా చేత్తోనే సంతకం పెట్టాను.

బయట వరండాలో ఏలీయా కూర్చుని ఉన్నాడు. కాగితం కాపీ అతనికి ఇచ్చారు. చదివాడు. నా సంతకం మీద వేలు పెట్టి చూశాడు. ఇప్పుడు తిడతాడు, తిట్టాలి, అందరి ముందూ చెప్పు తీసుకుని కొట్టినా బాగుండు అని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట అనలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, గొడుగు తీసుకుని బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఎల్‌సీ ఏలీయా నన్ను తిట్టకుండా వదిలేసిన రోజు అదొక్కటే.

అతన్ని తీసేయలేదు, దయ తలిచారట. కోపం ఎక్కువ, కంట్రోల్ రూముకు పనికిరాడని రాసి నందిగామ స్టోర్స్‌లో వాచ్‌మన్‌గా వేశారు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు, విరిగిన ఇన్సులేటర్లు, తుప్పుపట్టిన క్రాస్ఆర్మ్‌లు గుట్టగా పోసి ఉంటాయక్కడ. వాటికి కాపలా. వాటిని ఎవడూ ఎత్తుకుపోడు, ఎత్తుకుపోయినా ఎవడూ చావడు.

నేను మూడు నెలలు అటువైపు వెళ్ళలేకపోయాను. రమీజాకు కూడా సంతకం సంగతి చెప్పలేదు. చివరికి ఒకరోజు అన్నం దగ్గర చెప్పాను. ఆమె కంచం పక్కకు జరిపి, "తమ్ముడు పోయాక ఆయన ఆ భార్యకి ఎట్లా మొహం చూపించాడో నాకు తెలవదు. నువ్వు నాకు ఎట్లా చూపిస్తున్నావు?" అంది. మర్నాడు పొద్దున్నే కూర్చుని నందిగామ ఆఫీసుకు ఉత్తరం రాశాను. నేను సంతకం పెట్టిన కాగితం మోసపు కాగితమని, పదకొండూ నలభైకి తెరుచుకున్నది రైలు గేటని, ఆ టైముకు నేను స్తంభం మీద ఉన్నానని, లైన్ క్లియర్ నేను తిరిగి ఇవ్వలేదని. పేజీన్నర. అందులో ఒక్క పొట్టి మాట లేదు. రిజిస్టర్ పోస్టులో పంపాను. ఒక కాపీ తీసుకెళ్ళి ఏలీయా చేతిలో పెట్టాను. చదివి, "నీ ఉద్యోగానికి ఎసరొస్తది గదరా ఎదవా" అన్నాడు. ఆ తిట్టు కోసం మూడు నెలలు ఎదురుచూశాను. కడుపు నిండింది. ఆఫీసు నుంచి మాత్రం ఇంతవరకూ జవాబు రాలేదు, నామీదికి మెమో ఒకటి తప్ప.

మా సబ్‌స్టేషన్‌కు కొత్త ఆపరేటర్ వచ్చింది. నీహారిక. చదువుకున్న పిల్ల, పని త్వరగా నేర్చుకుంది. మొన్న మంగళవారం బూదవాడ రోడ్డులో పని చేసి దిగి ఫోన్ చేశాను.

"లైన్ క్లియర్ తిరిగి ఇస్తున్నానమ్మా. ఖయ్యూమ్‌ని."

"ఓకే అండి, ఎల్‌సీ రిటర్న్ రాసుకున్నా. వేసేస్తున్నా."

"ఆగు! వెయ్యొద్దు!"

"ఏమైందండి?"

"నువ్వింకా అడగలేదు."

"ఏం అడగాలండి?"

"కాళ్ళ కింద ఏముందో అడుగు. అడిగేదాకా నేను తిరిగి ఇచ్చినట్టు కాదు. కొట్టెయ్ ఆ రాసింది."

ఆ పిల్ల బెదిరిపోయింది. నా గొంతు నాకే ఏలీయా గొంతులా వినిపించింది. ఊళ్ళో జనం కరెంటు ఎప్పుడొస్తుందని నా చుట్టూ చేరారు. రానీ. నేను రోడ్డు పక్కనే నిలబడ్డాను.

"కాళ్ళ కింద ఏముందండి?" అంది చివరికి.

"మట్టి ఉందమ్మా. ఇప్పుడు వెయ్యి. రేపు ఎవరు చేసినా ఇదే అడుగు. ఏఈ చెప్పినా, ఆ పైవాడు చెప్పినా, ఇది అడక్కుండా వెయ్యమాకు."

వీధి దీపాలు వెలిగాయి. ఆ పిల్ల ఫోన్ పెట్టలేదు.

"ఇది మా ట్రైనింగ్‌లో చెప్పలేదండి. మీకెవరు నేర్పారు?"

"నందిగామ స్టోర్స్‌లో పాత ఇనుముకు కాపలా ఉన్నాడు. వెళ్ళి చూసిరా," అన్నాను.